సాంబ్రాణి సంచి ముడి

మౌలాలికి లెక్కలంటే మంచినీళ్లు తాగినంత సులువు. ఆ లెక్కలే ఇప్పుడు అతన్ని ముప్పుతిప్పలు పెడుతున్నాయి.

సరుకు ఎవరో తయారు చేస్తారు, ఇంకెవరో అమ్ముతారు. దానికి ఫోన్‌లో యాడ్ పెట్టేది మాత్రం మౌలాలి. ఆ యాడ్ నొక్కి ఎవరైనా కొంటే అమ్మినవాళ్లు ఇతనికి కమీషన్ ఇస్తారు. కానీ కొన్నా కొనకపోయినా, నొక్కిన ప్రతి ఒక్కరికీ ఇతని జేబులోంచే కొంత పోతుంది.

పెట్టుబడి అక్క సైదాబీది. కాలితో తొక్కే తన కుట్టుమిషన్‌కు మోటారు పెట్టించుకుందామని దాచుకున్న సొమ్ము. "నా మోకాళ్లు ఇంకో ఆర్నెల్లు ఓర్చుకుంటాయిలేరా" అంటూ తమ్ముడి చేతిలో పెట్టింది. మొదటి వారంలోనే అందులో సగం ఆవిరైపోయింది. నాలుగు వందల మంది నొక్కారు. ఒక్కరూ కొనలేదు. మిగిలిన సగమూ పోతే, తను మానేసి వచ్చిన సెల్‌ఫోన్ల షాపుకే తల వంచుకుని పోవాలి. అక్క మిషన్ తొక్కుతూనే ఉండాలి.

గురువారం సాయంత్రం అతను ఊరి చివరి దర్గాకు పోయాడు. దర్గాను చూసుకునే హుస్సేనప్ప తాత అరుగు మీద కూర్చుని, చింతపండుతో ఇత్తడి ధూపపాత్ర తోముతున్నాడు. బడికి పోయే రోజుల నుంచీ మౌలాలికి ఏ చిక్కు వచ్చినా ఈ అరుగు దగ్గరికే వస్తాడు. ఊరంతా అతన్ని తాత శిష్యుడనే అంటుంది.

"తాతా, ఒక మాట అడగాల."

"అడుగు."

మౌలాలి మొత్తం చెప్పాడు. చెప్పులు, క్రీములు, మిక్సీలు, వాచీలు, ఏవి దొరికితే వాటికల్లా యాడ్లు పెట్టాడట. జనం ఫోన్‌లో వెతికే మాటలు మూడు వందలు ఏరి, వాటిలో ఏది వెతికినా తన యాడ్ కనబడేలా పెట్టాడట. ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతులో కొంచెం గర్వం కూడా పలికింది.

"ఎంత ఎక్కువ మంది చూస్తే అంత మంచిది కదా తాతా! వందలో ఒక్కరు కొన్నా నాకు గిట్టుబాటే. లెక్క యాడా తప్పలేదు. మిగిలిన దాంతో ఇంకా గట్టిగా వెయ్యాలా, ఆపెయ్యాలా?"

తాత పాత్రను వెలుగుకేసి తిప్పి చూసుకున్నాడు.

"రేపు శుక్రవారం. బజారుకు ధూపం నువ్వు తీసుకుపో."

"అది కాదు తాతా, నేనడిగింది..."

"విన్నాలే అబ్బీ."

శుక్రవారం దీపాలు పెట్టే వేళకు బజారుకు ధూపం తీసుకుపోవడం ఆ దర్గాకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. చిల్లర వేసేందుకు కింద పళ్లెం అమర్చిన నిప్పుల పాత్ర ఒక చేతిలో, నెమలీకల కట్ట ఇంకో చేతిలో. దుకాణం ఏ మతంవాళ్లదైనా సరే, గల్లాపెట్టెకూ త్రాసుకూ గోడ మీది పటానికీ పొగ చూపించాలి. ఇచ్చింది తీసుకోవాలి, అడగకూడదు. వారానికి సాంబ్రాణి ఒక చిన్న గుడ్డసంచీడు. అంతకు మించి ఉండదు.

మరుసటి రోజు మౌలాలి ఆ సంచి నడుముకు కట్టుకుని బయలుదేరాడు. దారిలోనే లెక్క వేసుకున్నాడు. జనం ఎక్కువగా ఉండేది బజారు మొదట్లో, ఆటోలు ఆగే చోట. అక్కడ వేస్తే ఒక్క పిడికిలి వంద మందికి చేరుతుంది. దుకాణం లోపల వేస్తే చేరేది ఒక్కరికే.

పిడికిలి నిండా తీసి నిప్పుల మీద చల్లాడు. పొగ గుప్పుమంది. ఆటోవాళ్లు దగ్గారు. కూరగాయల సంచులతో పోతున్న ఆడవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"ఏందబ్బీ, దోమలకు పొగ పెడతాండావా?" అని టీకొట్టు పుల్లయ్య గ్లాసు గాల్లో ఊపుతూ అరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మౌలాలి పట్టించుకోకుండా ఇంకో పిడికిలి వేశాడు.

బజారు సగం దాటేసరికి సంచి ఖాళీ. పళ్లెంలో నాలుగు చిల్లర నాణేలు.

అక్కడి నుంచి ముందుకు పోవడమే కష్టమైంది. గాజుల కొట్టు ఓబుళమ్మ పాత్రను దూరం నుంచే చూసి లేచింది. ముక్కాలిపీట పక్కకు జరిపింది. కొంగు తల మీదికి లాక్కుని, గాజుల పెట్టె మూత తెరిచి పట్టుకుంది. మౌలాలి పాత్ర చూపించాడు. నిప్పులున్నాయి, పొగ లేదు.

"అయిపోయిందా నాయనా?"

"అయిపోయింది పెద్దమ్మా."

ఆమె మూత మెల్లగా వేసేసింది. నాలుగు మాటలు తిట్టినా బాగుండేదనిపించింది మౌలాలికి.

మౌలాలి దర్గాకు తిరిగి వచ్చాక తాత ఖాళీ సంచిని చూశాడు. దులిపి, మడిచి పక్కన పెట్టాడు. ఆ వారమంతా ఆ ఊసే ఎత్తలేదు. మౌలాలి కూడా యాడ్లన్నీ ఆపేసి కూర్చున్నాడు.

మళ్లీ శుక్రవారం వచ్చింది. "రా, పోదాం" అన్నాడు తాత. ఈసారి పాత్ర ఆయన చేతిలోనే ఉంది. సంచి ఆయన నడుముకే వేలాడుతోంది, ముడి వేసింది వేసినట్టే ఉంది.

ఆటోల దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. తాత వాళ్ల మధ్యలోంచి నిప్పులు మాత్రమే పట్టుకుని, ఎవరికీ తగలకుండా నడిచాడు.

"తాతా, ఇంతమంది ఉండారే, ఇక్కడ వెయ్యవా?" అన్నాడు మౌలాలి, పాత లెక్క ఇంకా వదల్లేక.

తాత ముందుకు అడుగు వేశాడు.

"ఏం తాతా, పిసినారివైపోయినావే! నా మీద కూడా కాస్త వేసిపో" అన్నాడు పుల్లయ్య, ఒక చేత్తో టీ గ్లాసు అందిస్తూ, ఇంకో చేత్తో చిల్లర తీసుకుంటూ.

"నువ్వు ముందు ఆ గ్లాసు కింద పెట్టు" అన్నాడు తాత, ఆగకుండానే.

బట్టల కొట్టు దాటారు. చెప్పుల కొట్టు దాటారు. రెండు చోట్లా ఎవరూ బేరాల్లోంచి తల ఎత్తలేదు. తాత సంచి ముట్టుకోలేదు. గాజుల కొట్టు ముందుకు వచ్చేసరికి ఓబుళమ్మ లేచింది. పీట జరిపింది. కొంగు తల మీదికి లాక్కుంది.

అప్పుడు విప్పాడు తాత ముడి. రెండు వేళ్లతో చిటికెడు తీసి వేశాడు. సన్నగా లేచిన పొగను నెమలీకలతో గాజుల పెట్టెలోకి పంపాడు. ఆమె కళ్లు మూసుకుంది. పళ్లెంలో నోటు పెట్టి, "పోయిన వారం దుకాణం బోసిగా ఉన్నట్టనిపించింది తాతా" అంది.

తాత మళ్లీ ముడి వేసి నడిచాడు. కిరాణా కొట్టులో ఒకాయన పద్దు రాయడం ఆపి లేచాడు, అక్కడ ఒక చిటికెడు. టైలరు కత్తెర పక్కన పెట్టాడు, అక్కడ ఒకటి. బజారు చివరికి వచ్చినా సంచి ఇంకా బరువుగానే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు మౌలాలి ఉండబట్టలేక అడిగాడు.

"ఎవరికి కావాలో నీకు ముందే ఎట్లా తెలుస్తాది తాతా?"

"నాకేం తెలుసు?" అన్నాడు తాత. "నేను నడిచినా. వాళ్లు లేచినారు."

ఇంటికి వచ్చేసరికి సైదాబీ మిషన్ తొక్కుతోంది. తల ఎత్తకుండానే అడిగింది. "ఏమిరా, నా మిషన్‌కు సరిపడే మోటారు యాడ దొరుకుతాదో ఫోన్‌లో చూడమన్నా కదా, చూసినావా?"

ఎన్నిసార్లు అడిగిందో! ప్రతిసారీ "చూస్తాలే అక్కా" అన్నాడు. ఈసారి పీట లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"నువ్వే వెతకాల్సి వస్తే ఏమని వెతుకుతావు?"

సైదాబీ పాదం ఆపి, అతన్ని వింతగా చూసింది. "ఏమని వెతుకుతారు? కాలితో తొక్కే పాత మిషన్‌కు పెట్టుకునే చిన్న మోటారు అని. నీకు తెలీదా?"

మౌలాలి ఆ మాటను ఉన్నదున్నట్టు ఫోన్‌లో రాసుకున్నాడు. మూడు వందల మాటలూ తీసేశాడు. చెప్పులు, క్రీములు, వాచీలు అన్నీ తీసేశాడు. ఒకే సరుకు, ఒకే యాడ్. రోజుకు ఇంతకు మించి ఖర్చు కాకూడదని చిన్న హద్దు పెట్టాడు.

మొదటి రెండు రోజులు నొక్కినవాళ్లే లేరు. అతనికి కంగారు పుట్టలేదు. తర్వాత ఒకరిద్దరు నొక్కారు. శుక్రవారం మధ్యాహ్నానికి, మొత్తం నొక్కింది ఇరవై మంది కూడా లేరు గానీ, ఒకరు మోటారు కొన్నారు. కమీషన్‌లోంచి ఖర్చు తీసేస్తే మిగిలింది రెండు టీలకు సరిపోతుంది. మౌలాలి ఆ లెక్కను రెండుసార్లు చూసుకుని, తనలో తనే నవ్వుకున్నాడు.

ఈ కబురు చెప్పాలని గబగబా దర్గాకు పోయాడు. నోరు తెరిచేలోపే తాత సంచి అందించాడు.

"మోకాలు పట్టేసింది. ఇవాళ నువ్వే పో."

మౌలాలి సంచి నడుముకు కట్టుకున్నాడు. ముడి ఒకసారి బిగించి చూసుకున్నాడు.

ఆటోల దగ్గర జనం అట్లాగే ఉన్నారు. అతను వాళ్ల మధ్యలోంచి, పాత్ర ఎవరికీ తగలకుండా నడిచాడు.

"ఓహో, పిసినారితనం శిష్యుడికి కూడా అంటుకుండాదే!" అన్నాడు పుల్లయ్య.

"ముందు గ్లాసు కింద పెట్టు పుల్లయ్యన్నా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పుల్లయ్య కూడా నవ్వాడు. ఆ తర్వాత ఏమనిపించిందో ఏమో, గ్లాసు బల్ల మీద పెట్టాడు. చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. పొయ్యి పక్క నుంచి ఇవతలికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మౌలాలి ఆగి, సంచి ముడి విప్పాడు.