కొమరవ్వ మేక దాటిన గుమ్మం

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త ఓబుళమ్మ. ఆవిడ మాట పొల్లుపోయే మనిషి కాదు.

నల్లరాతికోటలోకి ఎవడో కుండలో నూనె తెచ్చి గుర్రపుశాల తగలబెట్టాడట. అప్పట్నించి నీళ్ళయినా నూనైనా చుక్క కూడా ఎవరూ లోపలికి తేకూడదని దళవాయి భుజంగరాయుడు హుకుం వేశాడు. జనానికీ భయం పట్టుకుంది గనక ఎవరూ నోరెత్తలేదు.

మేకలు కాసే కొమరవ్వ కూతురు ఆ కోటలోనే బిడ్డను కని కన్నుమూసింది. తల్లిలేని పసివాడికని కొమరవ్వ చెంబుతో పాలు తెస్తే, దళవాయి గుమ్మంలోనే ఒంపించేశాడు.

"బిడ్డ ఆకలికి పోతాడయ్యా!"

"రాజుగారి తల్లి తెచ్చినా ఇంతే. పో ముసలిదానా!"

కొమరవ్వ పోయింది. పోయి, పాలమేకను తాడుకట్టి తోలుకొచ్చింది.

"ఏమిటే ఇది?"

"మేక దొరా. చెంబు కాదు."

"దాని పొదుగు నిండా పాలేగా!"

"తమ ఒంటినిండా నెత్తురుంది గదయ్యా. రోజూ ఈ గుమ్మం దాటుతున్నారు. తమర్ని ఎవరైనా ఒంపారా?"

దళవాయి కాసేపు మేకనే చూసి, పక్కకి తప్పుకున్నాడు. బిడ్డ బతికాడు. ఆ ముసలమ్మ నిబ్బరం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఆ గుమ్మం మీద ఇప్పుడు దళవాయి పేరు చెక్కారు. పాలు ఒంపినవాడి పేరు! నాకు రాత సరిగా రాదు. రాత వచ్చినవాళ్ళెవరైనా పోయి, అది కొమరవ్వ గుమ్మమని దిద్దండి.