దారి చూపే వేళ్లు

పూర్వం ఒక రాజుగారికి, ఊళ్లో రెండు పూటకూళ్లిళ్లు దండగనిపించింది. దారి అడిగిన బాటసారికి ఎక్కువమంది ఏ ఇల్లు చూపిస్తే అదే ఉండాలనీ, రెండోది మూసెయ్యాలనీ చాటింపు వేయించారు.

ఒక పూటకూళ్లిల్లు నడిపే గవరమ్మ గుండెల్లో రాయి పడింది. ఆమె పులుసుని కట్టుకున్న మొగుడే కళ్లు మూసుకుని మింగేవాడు. అవతల రెండో పూటకూళ్లిల్లు నరహరిది, అదేమో మేడ. పైగా అతగాడు కూలీ, భోజనం ఇస్తానని, తన మేడే చూపించమని ముందురోజు నుంచే ప్రతి మలుపులోనూ మనుషుల్ని నిలబెట్టాడు.

మంత్రిగారు బాటసారి వేషంలో ఊరంతా తిరిగారు. ఎక్కడ అడిగినా వేళ్లన్నీ నరహరి మేడవైపే లేచాయి. ఆయన గవరమ్మ దగ్గరికొచ్చి, "ఇక పొయ్యి ఆర్పేసుకోమ్మా" అన్నారు.

"అలాగే బాబయ్యా. నా వంటకి ఈ శాస్తి ఎప్పుడో జరగాల్సింది. కాకపోతే ఆ దారి చూపినవాళ్లకీ ఆకలేసే వేళయింది. వాళ్లెటు పోతారో చూసి ఆర్పేస్తాను" అంది గవరమ్మ.

కాసేపటికి మలుపుల్లోని మనుషులంతా ఊరికే పెట్టే భోజనం వదులుకుని, నరహరి మేడ దాటుకుని వచ్చి, గవరమ్మ అరుగు మీద డబ్బులిచ్చి మరీ విస్తళ్లు వేయించుకున్నారు.

వేళ్లకన్నా కాళ్లు చూపిన దారే నిజమని మంత్రిగారు మేడ మూయించారు. "నీ చేతిలో ఇంత రుచుందని చెప్పవేం?" అంటూ తనూ ఒక విస్తరి ముందు కూర్చుని, మొదటి ముద్దకే నీళ్లచెంబు అందుకున్నారు.

"దీనికోసమా వీళ్లంతా వచ్చింది?"

"నా వంట బాగుండి రాలేదు బాబయ్యా. పాపం, నిన్న వాళ్లు అక్కడ తిన్నారు."