నాగలింగాచారి రాగిరేకులు

అనగా అనగా, ఏటికి ఆ గట్టున ఒక రాజ్యం, ఈ గట్టున ఒక రాజ్యం ఉండే రోజుల్లో, వెండికోటలో నాగలింగాచారి అనే పనివాడు ఉండేవాడు.

ఆయన చేసిన కత్తి మొద్దుబారదు. ఆయన బిగించిన మర వదులవదు. ప్రతి పనిముట్టుకూ ఒక రాగిరేకు తగిలించి, దాని మీద ఒకే ఒక్క మాట చెక్కేవాడు. ‘కోయును.’ ‘పట్టును.’ అంతే.

“పని తెలిసినవాడికి ఒక్క మాట చాలదా?” అని మీసం దువ్వేవాడు.

ఒకనాడు పరదేశపు రాజు వెండికోటకు ఒక కంచుబొమ్మను కానుకగా పంపాడు. అది నడుస్తుంది, మాట్లాడుతుంది, చదువుతుంది, చెప్పిన పని చేస్తుంది. కానీ చదివిందే దానికి తెలుసు. చదవనిది తెలియదు. అందరూ దాన్ని కంచయ్య అని పిలిచేవారు.

“కంచయ్యా, పూజకు మల్లెలు కోసుకురా” అంది రాణి.

బొమ్మ పనిముట్ల శాలకు వెళ్ళి రేకులు చదివింది. ‘కోయును’ అని ఉన్న చెరుకు కత్తి తీసుకుంది. మల్లెతీగలను మొదలంటా నరికి, మోపు కట్టి రాణి ముందు పెట్టింది. అందరూ నవ్వారు. ఆచారి అందరికంటే గట్టిగా నవ్వాడు.

మరోనాడు పశువుల కాపరి, “దూడ తాడు తెంచుకుంది, పట్టుకురావయ్యా” అన్నాడు. బొమ్మ ‘పట్టును’ అని ఉన్న కొలిమి పట్టకారు తీసుకెళ్ళింది. దూడ కాలు విరిగింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

“బొమ్మకు బుద్ధి లేదు” అన్నాడు ఆచారి. అన్నాడే గాని, దూడ అరుపు వింటూ అక్కడ నిలబడలేకపోయాడు. రేకుల మీద ఇంకో నాలుగు మాటలు చెక్కుదామా అనిపించింది. చెక్కితే తప్పు తనదని ఒప్పుకున్నట్టే కదా! ఊరుకున్నాడు.

ఏటి కట్టకు రెండు తూములు ఉండేవి. చిన్న తూము పొలాలకు. పెద్ద తూము వరద పొంగినప్పుడు కట్ట తెగకుండా. రెండు మరల మీదా ఆచారి చెక్కింది ఒకటే మాట: ‘వదులును.’

“నారుమళ్ళు ఎండుతున్నాయి, నీళ్ళు వదులు కంచయ్యా” అన్నారు రైతులు.

బొమ్మ దగ్గర్లో ఉన్న మర తిప్పింది. అది పెద్ద తూము.

నీళ్ళు కట్ట కింద ఉన్న కుమ్మరిపాలెం మీద పడ్డాయి. ఆవంలో పెట్టి కాల్చని పచ్చి కుండలన్నీ కరిగి మళ్ళీ మట్టి అయ్యాయి. గోడలు కూలాయి. గంగులమ్మ అనే కుమ్మరామె ముసలితల్లిని వీపున వేసుకుని, మెడలోతు నీళ్ళలో నడిచి బయటపడింది.

రాజు మండిపడ్డాడు. “ఎందుకిలా చేశావు?”

“రేకు మీద అలాగే ఉంది మహారాజా” అంది బొమ్మ.

“దీన్ని కొలిమిలో కాచి గుడిగంటలు పోత పోయండి! ఆచారీ, ఆ పని నీదే.”

“చిత్తం” అన్నాడు ఆచారి.

కోట ముందు కొలిమి రగిలింది. జనం మూగారు. ఆచారి బొమ్మ మొహం చూడకుండానే అన్నాడు. “కంచయ్యా, నిన్ను కాచాలట. దానికి కావలసింది తీసుకురా.”

బొమ్మ వెళ్ళింది. లోహం కరిగించే మూస కోసం ఆచారి చేయి చాచాడు. బొమ్మ ఆ చేతికి ఒక డాలు అందించింది.

“దీని మీద ‘కాచును’ అని ఉందయ్యా. నన్ను కాచేది ఇదే కదా?”

జనం పగలబడి నవ్వారు. ఆచారి నవ్వలేదు. మూస మీదా అదే మాట, డాలు మీదా అదే మాట. రెండూ తన చేతిరాతే. కరిగిపోబోతూ కూడా ఆ బొమ్మ తన రాతనే నమ్మింది. ఆయన తల వాలిపోయింది.

“మహారాజా, కొలిమి ఆర్పించండి. బొమ్మ నేను రాసిందే చేసింది. మల్లెల నాడే నాకు అనుమానం వచ్చింది. దూడ నాడు తెలిసిపోయింది. ఒప్పుకోవడానికి నామోషీ పడ్డాను.”

రాజు కొలిమి ఆర్పించాడు. “ఈ మాట చెప్పాల్సింది నాకు కాదు. కుమ్మరిపాలెం వెళ్ళి చెప్పు” అన్నాడు.

ఆచారి వెళ్ళి చెప్పాడు. గంగులమ్మ బురదలోంచి తలెత్తింది.

“దూడ నాడే తెలుసా, ఆచారిగారూ?”

“తెలుసమ్మా.”

ఆమె మళ్ళీ తల వంచి బురద ఎత్తిపోయసాగింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండును అనుకున్నాడాయన. ఆయనా కంచయ్యా కలిసి, పాలెంలో చివరి గోడ లేచేదాకా అక్కడే పనిచేశారు.

తరువాత కొత్త రేకులు మొదలుపెట్టాడు. పెద్ద తూము మీద ఇలా చెక్కాడు: ‘వరద వచ్చి కట్ట తెగేలా ఉంటేనే దీన్ని ఎత్తాలి. ముందు కుమ్మరిపాలెం ఖాళీ చేయించాలి. పొలాలకు నీళ్ళు కావాలంటే ఇది కాదు, ఎడమ పక్కనున్న చిన్న తూము. అనుమానం ఉంటే ఎత్తకు, అడుగు.’

ప్రతి రేకునూ కంచయ్య చేత చదివించి, “ఇప్పుడేం చేస్తావు?” అని అడిగేవాడు. అది తప్పు చెబితే దాన్ని కసిరేవాడు కాదు, రేకును దిద్దేవాడు.

మళ్ళీ నారుమళ్ళ కాలం వచ్చింది. కంచయ్య చిన్న తూమే ఎత్తింది. పొలాలు తడిశాయి, పాలెం పొడిగా ఉంది. జనం ఆచారిని మెచ్చుకున్నారు. ఆయన మాత్రం గంగులమ్మ వాకిలి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా తల దించుకునే వెళ్ళేవాడు.

అందుకే పిల్లలూ, పనిముట్టు చేసి చేతికిస్తే సరిపోదు. దాన్ని ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో విడమరిచి చెప్పేదాకా చేసినవాడి పని పూర్తి కాదు.