పైకి రాని ఇంజను

పైడయ్య మేస్త్రి షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. ఏ బండి ఇంజన్నయినా పైకెత్తే ముందు, విప్పినవాడు బండి చుట్టూ నడుస్తూ, తాను విప్పిన ప్రతి బిగింపు చోటునూ చేత్తో తాకి పేరు చెప్పాలి. నోటితో చెప్పనిది విప్పనట్టే లెక్క. ఎంత పనిమంతుడికైనా ఇందులో మినహాయింపు లేదు. మేస్త్రి తనకు కూడా ఇచ్చుకోలేదు.

దాలినాయుడు ఆయన దగ్గర పదిహేనేళ్లుగా పనిచేస్తున్న శిష్యుడు. పెళ్లయి పిల్లలున్నవాడు. ఒకనాడు మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు అడిగాడు.

"గురువుగారూ, తాగుడు మానీసాను. పేకాట మానీసాను. ఇంట్లో ఎవర్నీ పల్లెత్తు మాట అనడం లేదు. అయినా గుండె మీద బరువు దిగలేదేటండి? ఇంకేటి ఒగ్గీమంటారు?"

మేస్త్రి చేయి కడుక్కుని లేచాడు. "ముందు ఆ బ్రెడ్డు వ్యాను ఇంజను తీద్దాం, పద" అన్నాడు.

ఆ వ్యాను కరీముల్లాది. అతని తండ్రి కొన్నది. నలభై ఏళ్లపాటు విజయనగరం చుట్టుపక్కల ఊళ్లకు తెల్లారేసరికి బ్రెడ్డు చేర్చింది. నెల కిందట రేడియేటర్లో నీళ్లు లేకుండా నడిచి ఇంజను పట్టేసింది. లోపల పిస్టన్లన్నీ బిగుసుకుపోయి ఒకే ఇనుపముద్ద అయింది. వేరే ఇంజను సిద్ధంగా ఉంది. కాని వ్యాను చట్రం తుప్పు తిని పలచబడింది. పాతది తీసేటప్పుడు అది చీలిందంటే ఇక ఆ బండి పాత ఇనుము కింద పోవలసిందే.

"నాయుడూ, జాగర్తయ్యా. మా నాన్న చేతి బండి" అన్నాడు కరీముల్లా, గుమ్మం దగ్గరే నిలబడి.

"భయమేల బాయ్? నీ బండి పేగులు నాకు కంఠోపాఠం" అన్నాడు దాలినాయుడు.

నిజమే. నీటి గొట్టాలు, సైలెన్సర్ గొట్టం, వైర్లు, గేరుబాక్సు బోల్టులు, ఇంజనును చట్రానికి పట్టి ఉంచే నాలుగు మౌంటింగులు, ఒక్క తడబాటు లేకుండా తాకి చెప్పాడు. ఇంజనుకు గొలుసు చుట్టి, దూలానికి వేలాడే బరువులెత్తే చైన్ బ్లాక్ కొక్కేనికి తగిలించి, దాని లాగుడు గొలుసు పట్టుకుని లాగాడు.

ఇంజను రెండంగుళాలు లేచి ఆగింది. ఇంకా లాగితే ఇంజను రాలేదు, వ్యాను ముందుభాగమే దానితోపాటు లేచింది. చట్రం మూలిగింది. తుప్పు పెచ్చులు నేల మీద రాలాయి. "యా అల్లా" అని కరీముల్లా కళ్లు మూసుకున్నాడు.

"పట్టేసిన ఇంజను కదండీ, మొండికేస్తోంది. ఇంకొక్క లాగు!" దాలినాయుడు గొలుసు చేతికి చుట్టుకున్నాడు.

"దించు" అన్నాడు మేస్త్రి. "దాని మొండితనం దాని లోపలిది. దానికీ బండికీ ఏటిరా సంబంధం? కిందకెళ్లి చూడు."

దాలినాయుడు వ్యాను కిందికి దూరాడు. కింద నుంచి అతని గొంతు సన్నగా వినిపించింది. "ఇనప పట్టీ ఉందండీ."

"ఎవరేసింది?"

కరీముల్లాయే చెప్పాడు. ఆరేళ్ల కిందట గజపతినగరం దారిలో మౌంటింగు విరిగి ఇంజను కిందికి జారిపోయింది. దాలినాయుడు జోరువానలో బురదలో పడుకుని, దాన్ని పట్టీతో చట్రానికి బిగించి, ఆ పూట బ్రెడ్డు ఆగకుండా చేశాడు. అందరూ మెచ్చుకున్నారు. తర్వాత కొత్త మౌంటింగు వేసినా, బలంగా ఉంటుందని అతడు ఆ పట్టీని ఉంచేశాడు.

"మరి దాని పేరు చెప్పలేదేం?" మేస్త్రి వంగి అడిగాడు.

"కంపెనీ బిగించినవన్నీ చెప్పానండి. ఇది... మేలు చేసింది కదా. ఇదీ ఒక బిగింపేనని తోచలేదు."

మేస్త్రి పానా కిందికి అందించాడు. తుప్పెక్కిన పట్టీ బోల్టు తిరగడానికి చాలాసేపు పట్టింది. చివరికి పట్టీ ఊడి నేల మీద పడింది.

దాలినాయుడు బయటికి వచ్చాడు. మొహం మీది మడ్డి తుడుచుకోకుండానే మళ్లీ మొదటి నుంచి బండి చుట్టూ నడిచాడు. ప్రతి చోటునూ తాకి పేరు చెప్పాడు. ఆఖరున "నేనేసిన పట్టీ" అన్నాడు. అతడు గొలుసు పిడికిట పట్టబోతే మేస్త్రి వద్దన్నాడు. రెండు వేళ్లతో లాగమన్నాడు.

గొలుసు కదిలింది. ముగ్గురు మనుషుల బరువున్న ఇంజను, నీళ్లలోంచి బిందె లేచినట్టు లేచింది. చట్రం కిక్కురుమనలేదు. అంత ఇనుమూ గాలిలో మెల్లగా ఊగుతూ నిలిచింది. ఎన్నో ఇంజన్లు లేచిన షెడ్డే అది. అయినా ఆ క్షణాన ముగ్గురూ తలెత్తి దాన్నే చూశారు. కరీముల్లా దగ్గరికి వచ్చి చట్రాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా అరచేత్తో తడిమాడు. ఎక్కడా చీలిక తగల్లేదు. చేయి అక్కడే ఉంచి తల వంచుకున్నాడు.

దాలినాయుడు తన వేళ్లకేసి చూసుకున్నాడు. "ఇంత తేలికా గురువుగారూ?"

"చెడ్డవి విప్పడం ఎవడైనా నేర్చుకుంటాడు, నాయుడూ" అని పైడయ్య మేస్త్రి నేల మీద పడి ఉన్న పట్టీని చూపించి, కొత్త ఇంజను వైపు నడిచాడు.