సున్న మింగిన రాకుమారుడు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు లేకలేక పుట్టిన ఒక్కగానొక్క కొడుకు వసంతకేతుడు. కత్తి పడితే మెరుపే. కలం పడితే మాత్రం, అయ్యో రామ! సున్నలు మింగేసేవాడు, దీర్ఘాలు ఎగ్గొట్టేవాడు. "దిద్దుకో నాయనా" అని గురువుగారు బతిమాలితే, "రాజు కొడుకు రాసిందే రాత!" అని మీసం దువ్వేవాడు. మీసం ఇంకా మొలవలేదర్రా, ఊరికే మూతి దువ్వుకునేవాడు.

ఇట్లా ఉండగా, అతనితో పెళ్లి నిశ్చయమైన హేమలేఖను ధూమకేశి అనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. హేమలేఖంటే వసంతకేతుడికి పంచప్రాణాలు. ఏడు సముద్రాలు దాటి మాంత్రికుడి దీవి చేరాడు. అక్కడి ఇసుకలో ఏది రాస్తే అది జరుగుతుందట, కానీ ఎవరికైనా మూడేమూడు సార్లట. ఒడ్డున బండ మీద అలాగని చెక్కి ఉంది.

రాకుమారుడికి కరకరా ఆకలి. 'అన్నం రావాలి' అని రాయబోయి, గబగబా సున్న మింగేశాడు. 'అన్న రావాలి' అయింది. ఇంకేం! బొద్దుగా ఒక మనిషి ప్రత్యక్షమై, "తమ్ముడూ, తినడానికేమైనా ఉందట్రా? కడుపు కాలిపోతోంది" అన్నాడు.

రాకుమారుడికి ఒళ్లు మండింది. ఒక్క దెబ్బతో తేల్చేద్దామని 'నాకు పెళ్లి కావాలి' అని రాయబోయి, ఎత్వం పెట్టాల్సినచోట గుడి, 'ళ' రాయాల్సినచోట 'ల' పెట్టాడు. 'నాకు పిల్లి కావాలి' అయింది. మ్యావుమంటూ పిల్లి భుజమెక్కింది.

"పిలిచావు, వచ్చాను" అంది పిల్లి. "పొద్దు గూకితే నీ హేమలేఖ రాయైపోతుంది. మాంత్రికుడి ప్రాణం మేడ మీద చిలకలో ఉంది. అది నీ చేతికొస్తే వాడి మంత్రం పారదు. నీకింక ఒక్క రాతే మిగిలింది, చూసుకో."

అంతటి వసంతకేతుడూ కూలబడి బావురుమన్నాడు.

"ఏడవకురా" అన్నాడు అన్న. "ఇసుక ముట్టకు. వేలు తడిపి ఈ బండ మీద రాయి, నేను చదువుతా. తప్పు పోయినా ఫర్వాలేదు, ఎండిపోతుంది. మళ్లీ దిద్దు."

రాశాడు. ఎండింది. దిద్దాడు. ఎండింది. మళ్లీ దిద్దాడు. చివరికి 'చిలక రావాలి' అని తప్పు లేకుండా రాస్తే పిల్లి మూతి నాక్కుంది. "ఏ చిలక? లోకంలో చిలకలన్నీ వస్తే నాకు పండగే!"

ఓహో, అక్షరం ఒక్కటే సరిపోదు, మాట కూడా సరిచూసుకోవాలన్నమాట! పొద్దు వాలుతుండగా ఇసుకలో నిదానంగా రాశాడు: 'ధూమకేశి ప్రాణమున్న చిలక నా చేతికి రావాలి.' రివ్వున చిలక వచ్చి చేతిలో వాలింది.

మాంత్రికుడి మేడలో హేమలేఖ సంకెళ్లు ఊడిపోయాయి. ఆమె పరుగున వచ్చింది. వెనకే ధూమకేశి రొప్పుతూ వచ్చాడు. "మంత్రం పోతేనేం, ఇసుక ఉందిగా! నాకూ ఒక్క రాత మిగిలింది!" అని, అందరూ చావాలని కోపంలో 'వీళ్లంతా పోవాలి' అని గీకేశాడు. పాపం, ఇసుకకు వాడి కోపం ఏం తెలుసు? పొమ్మన్నాడు కదా, పంపించేసింది. కన్నుమూసి తెరిచేసరికి అందరూ రాజుగారి ముంగిట్లో ఉన్నారు, చిలకతో సహా! ధూమకేశి ఆ దీవిలోనే గవ్వలేరుకుంటూ ఉండిపోయాడు.

శుభలేఖ వసంతకేతుడే రాశాడు, మూడుసార్లు దిద్ది మరీ. "పెళ్లి అనే రాశారా?" అని హేమలేఖ పకపకా నవ్వింది. విందులో మొదటి విస్తరి అన్నదే. వసంతకేతుడు చాలాకాలం చల్లగా రాజ్యమేలాడు, రోజూ అక్షరాలు దిద్దుకున్నాకే సింహాసనం ఎక్కేవాడు.

కథ కంచికి పోయింది, మీరు పలకలు తీయండర్రా. 'అన్నం' అని రాసినవాళ్లకే అన్నం. ఏదీ... ఓరి నీ అసాధ్యం కూలా, సున్న ఏదిరా? ఇప్పుడా వచ్చే అన్నను ఎక్కడ పడుకోబెట్టను?