తోమిన గుండీలు

శిష్యులు ఏదైనా అడిగితే అచ్యుతరామయ్యగారు ఆ రోజునే జవాబు చెప్పడం ఎవరూ చూడలేదు. కాకినాడలో డ్రాయింగు మేష్టారుగా పనిచేసి మానుకున్నాక, ఆయన జగన్నాథపురం వంతెన అవతల ఒక పెంకుటింట్లో ఉండేవారు. కొందరు నాణేలు పోగుచేస్తారు, కొందరు తపాలా బిళ్లలు పోగుచేస్తారు. ఆయన గుండీలు పోగుచేశారు. శంఖం అరగదీసి చేసినవి, గేదెకొమ్ముతో చేసినవి, గుడ్డ చుట్టి కుట్టిన బొత్తాలు, లాల్చీకి గొలుసుతో వేలాడే వెండి గుండీల సెట్లు, బంట్రోతుల డవాలీ కోట్ల ఇత్తడి గుండీలు, ప్లాస్టిక్కు కొత్తగా వచ్చిన రోజుల్లోని రంగురంగులవి, ఇలా బీరువా నిండా ఉండేవి. పూర్వం అంగరఖాలకు ముడులే ఉండేవనీ, పక్కన ముడి బిగించడానికి ఇంకో మనిషి చెయ్యి కావలసి వచ్చేదనీ, గుండీ వచ్చాకే మనిషి ఒంటరిగా బట్ట తొడుక్కోవడం నేర్చాడనీ ఆయన అంటూ ఉండేవారు. నిజమో కాదో నాకు తెలియదు గాని, ఆయన చెబుతుంటే వినబుద్ధయ్యేది.

ఆయన దగ్గర ఈ గుండీల విద్య నేర్చుకునేవాళ్లలో భానుమూర్తి అందరికంటే చురుకైనవాడు. తాలూకా కచేరీలో గుమాస్తా. కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి ఇది కొమ్ము, ఇది ఎముక అని చెప్పేవాడు. అయితే అతన్ని ఒక్క సంగతి ముల్లులా గుచ్చుతూ ఉండేది. గురువుగారి బీరువాలో ప్రతి గుండీ వెనకా పాత దారం పోగు వేలాడుతూనే ఉంటుంది. మట్టికొట్టుకుని, నూనె పట్టి, చూడ్డానికే రోతగా ఉంటుంది. అంతకు ముందు భానుమూర్తికి మద్రాసులో ఒక పెద్దమనిషి ఈ విద్యలో ఓనమాలు దిద్దించాడు. గుండీ దొరకగానే గుడ్డ నుంచి కోసెయ్యాలి, దారం పూర్తిగా లాగెయ్యాలి, శుభ్రంగా తోమి మఖమలు అట్ట మీద అమర్చాలి. ఆయన నేర్పిన పద్ధతి అది. ఒకరోజు భానుమూర్తి ఆగలేక అడిగేశాడు.

"గురువుగారూ, గుండీ చరిత్ర గుండీలో ఉంటుంది. ఈ మురికి దారంలో ఏముందని దాచిపెడుతున్నారు?"

గురువుగారు కళ్లజోడు తుడుచుకుని, "ఎండ పడుతోంది, ఆ కిటికీ వెయ్యి" అన్నారు. ఇలాంటి గురువులతో వేగడం అంత తేలిక కాదు. భానుమూర్తి కిటికీ వేశాడు.

ఆ ఏడు కార్తీకంలో తుపాను పట్టింది. సరుకు వేసుకుని కోరంగి వైపు వెళ్లిన లాంచీ ఒకటి తిరిగి రాలేదు. దాన్ని నడిపే సరంగు పోలయ్య, ఇంజను డ్రైవరు సత్తిరాజు, ఇద్దరే అందులో ఉన్నారు. ఎప్పుడో మూతపడిన ఒక స్టీమరు కంపెనీ గోడౌనులో మిగిలిపోయిన నీలం కోట్లు లాంచీ యజమాని కొని, వాళ్లిద్దరికీ చెరొకటి ఇచ్చాడు. ఇత్తడి గుండీల మీద లంగరు బొమ్మ ఉండేది. రెండూ ఒకే కొలత, ఇద్దరికీ వదులే. తుపాను తెరిపిచ్చాక ఎక్కడో ఉత్తరాన, ఒక ఊరి ఒడ్డున ఇసుకలో ఒక శవం దొరికింది. ముఖం పోల్చుకునేలా లేదు. అక్కడివాళ్లు ఇక ఆగలేక పాతిపెట్టి, ఒంటి మీది కోటు మాత్రం మూటకట్టి కాకినాడ పంపారు. దానికి చేతులు ఊడిపోయాయి, జేబులు లేవు, రంగు కడుక్కుపోయింది. గుండీలు మాత్రం ఐదూ పట్టుకునే ఉన్నాయి. లాంచీ యజమాని మనిషి ఆ మూట తెచ్చి అచ్యుతరామయ్యగారి అరుగు మీద విప్పి, "ఇది మావోళ్ల కోటేనాండి?" అని అడిగాడు. గురువుగారు ఒక గుండీని బొటనవేలితో రుద్ది చూసి, "మీదే" అన్నారు. అతను మూట అక్కడే వదిలేసి, యజమానికి చెప్పడానికి వెళ్లిపోయాడు.

అంటే ఇద్దరిలో ఒకడు పోయాడు. రెండోవాడి సంగతి దేవుడికెరుక. తుపానుకి కొట్టుకుపోయి, ఒడిశా ఒడ్డున తేలి, నెలల తర్వాత గడ్డాలు పెంచుకుని ఇంటికి నడిచొచ్చిన మగవాళ్ల కథలు వాళ్లుండే పేటలో ఇంటికొకటి ఉన్నాయి. కాబట్టి ఆ కోటు ఎవరిదో తేలితే, ఒకావిడ గుండెలు బాదుకుని ఏడ్చి కర్మ చేయించుకుంటుంది. ఇంకొకావిడ ఆశతో గుమ్మం వైపు చూస్తుంది. తేలవలసింది అదొక్కటే.

"ఆడవాళ్లని నేనే తీసుకొస్తాను. నేనొచ్చేదాకా దీన్ని నీడలో ఆరనివ్వు" అని భానుమూర్తితో చెప్పి గురువుగారు చెప్పులేసుకుని వెళ్లారు. వాళ్లు వచ్చి ఏం చూడాలో చెప్పలేదు. ఒక్క ముక్క చెప్పి వెళితే ఆయన సొమ్మేం పోయేదని నాకిప్పటికీ కోపం.

భానుమూర్తి కోటుని లోపలి గదిలో దండెం మీద వేశాడు. వేసి ఊరుకుంటే బాగుండేది. లంగరు గుండీ గురించి అతను వినడమే గాని చూడడం అదే మొదటిసారి. దగ్గరికెళ్లి చూస్తే, గుండీ అంచుల చుట్టూ పచ్చటి చిలుము పాకుతోంది. ఉప్పునీళ్లు ఇత్తడిని ఎలా తింటాయో అతనికి తెలుసు. తడిసిన దారం వెనక కొక్కేన్ని పట్టుకుని ఉన్నంతసేపూ ఆ ఉప్పు లోపలికి దిగుతూనే ఉంటుందనీ తెలుసు. సాయంత్రానికి ఆ లంగరు బొమ్మ గుంటలు పడుతుందేమోనని అతని ప్రాణం కొట్టుకుంది. వీధి చివరికి చూశాడు, గురువుగారి జాడ లేదు. ఇంకాసేపు తిరుగులాడాడు. ఆఖరికి కత్తెర తెచ్చి మొదటి గుండీ కోశాడు. ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. ఐదూ కోసి, గుడ్డలో మిగిలిన దారం ముక్కల్ని పట్టకారుతో ఒక్కొక్కటే లాగాడు. దారం పోగులు ఇంట్లో ఉంటే పురుగు చేరుతుందని మద్రాసు పెద్దమనిషి చెప్పినట్టే వాటిని పోగేసి, వంటింట్లో మండుతున్న పొయ్యిలో వేశాడు. చింతపండు నానబెట్టి, ముగ్గుపిండి అద్ది, గుండీల్ని ముందూ వెనకా తళతళలాడేలా తోమాడు. ఇందులో దొంగతనమూ లేదు, దురాశా లేదు. గురువుగారు వచ్చి చూసి భుజం తట్టాలన్నదే అతని ఆశ.

పేట నుంచి ముగ్గురూ నడిచొచ్చారు. గురువుగారికి కుడివైపున సరంగు భార్య పల్లాలమ్మ, ఎడమవైపున డ్రైవరు భార్య నూకరత్నం. పక్కపక్క ఇళ్లవాళ్లు. అందాకా ఒకరి పొయ్యిలో నిప్పు ఇంకొకరి పొయ్యికి వెళ్లేది, ఒకరి బిడ్డకి ఇంకొకరు పాలిచ్చినవాళ్లు. అలాంటివాళ్లు ఆ దారంతా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆ కోటు రెండోదాని మొగుడిదై ఉండాలని ఇద్దరూ లోపల్లోపల దేవుళ్లకి మొక్కుతూ వచ్చారు. నేను తప్పు పట్టను. మీరూ పట్టకండి.

నూకరత్నం గుమ్మం దగ్గరే కూలబడి కళ్లకి కొంగు అడ్డం పెట్టుకుంది. "నువ్వు సూడక్కా. నేను సూడలేను" అంది.

పల్లాలమ్మ గోడ పట్టుకుని నిలబడింది. "అందులో సూడాల్సిందేం లేదండి బాబుగారూ. పైనుంచి రెండో గుండీ ఎనక్కి తిప్పండి, సాలు. మా ఆయనది ఊడిపోతే వలదారంతో నేనే కుట్టేను. తుమ్మచెక్క కసాయంలో ఊరేసిన దారమండి, ఎర్రగా ఉంటాది. ఏడాది సముద్రంలో నానినా ఆ రంగు పోదు."

"మా ఆయనదాన్ని నేను ముట్టుకోలేదండి. అన్నీ కంపెనీవోళ్లు కుట్టిన నల్లదారమే" అంది నూకరత్నం కొంగులోంచి. "కోటు వదులని గుండీలే ఎట్టుకోడు, ఇంకెందుకూడతాయి అని ఏడిపించేదాన్ని."

సరిగ్గా అప్పుడే భానుమూర్తి లోపలి నుంచి పళ్లెం పట్టుకుని వచ్చాడు. పళ్లెంలో ఐదు గుండీలూ కొత్త బంగారంలా మెరుస్తున్నాయి. ముఖం వెలిగిపోతున్నవాడల్లా ఆడవాళ్ల చివరి మాటలు చెవిన పడి అక్కడే ఆగిపోయాడు. గురువుగారు పళ్లెంలోకి చూశారు. ఒక గుండీ తీసి వెనక్కి తిప్పారు. కొక్కెం కడిగిన ముత్యంలా ఉంది.

"దారం?" అన్నారు.

"పొయ్యిలో వేశానండి."

గురువుగారు వంటింట్లోకి వెళ్లి, పొయ్యి ముందు వంగి, పుల్లతో బూడిద కదిపి చూసి వచ్చారు. కోటుని బయటికి తెచ్చి వెలుతురుకి ఎత్తి, భూతద్దం పెట్టి, గుండీలు ఉన్న చోటల్లా చూశారు. దారం పోయిన రంధ్రాల్ని కొంత సముద్రం, కొంత పట్టకారు సాగదీసేశాయి. పీచుముక్క కూడా మిగల్లేదు. ఆయన కోటుని మడిచి అరుగు మీద పెట్టారు. నూకరత్నం కొంగు తీసి ఒకసారి ఆయన్నీ, ఒకసారి పళ్లేన్నీ చూసింది.

పల్లాలమ్మకి ముందుగా అర్థమైంది. అయినా ఆమె ఆశ వదల్లేదు. "పోతే పోయిందిలెండి. కోసేటప్పుడు మీరు సూసుంటారు గదా బాబూ. రెండోది ఎర్రగా ఉందా, నల్లగా ఉందా? ఆ ఒక్క ముక్కా సెప్పండి."

భానుమూర్తి కళ్లు మూసుకున్నాడు. లంగరు చుట్టూ తాడు ఎలా తిరిగిందో కనబడింది. వెనక వైపు అరిగిపోయిన అక్షరాలు కనబడ్డాయి. ఏ గుండీ కొక్కెం కాస్త వంగి ఉందో కూడా కనబడింది. దారం మాత్రం కనబడలేదు. చిలుమూ బురదా పట్టిన ఆ ముడిని అతను చూడలేదు, కోసిపారేశాడంతే.

"ఎర్రగా ఉన్నట్టే..." అన్నాడు.

పల్లాలమ్మ గోడకి జారగిలబడిపోయింది. నూకరత్నం గుండె నిండా ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి ఆ అరుగు మీద అందరికీ వినబడింది. ఆమెకీ వినబడి, సిగ్గుతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ ఇద్దరినీ చూసేసరికి భానుమూర్తికి ప్రాణం పోయినంత పనైంది.

"కాదు, కాదు. నల్లగానే అనుకుంటా." ఈసారి నూకరత్నం ముఖం పాలిపోయింది. అతను పళ్లెం కింద పెట్టేసి, రెండు చేతులతో తల పట్టుకుని, "తెలీదమ్మా. నేను చూడలేదు" అన్నాడు.

"ఏదో ఒకటి సెప్పండి బాబూ!" అని నూకరత్నం అరిచింది. "అబద్ధవైనా సరే, ఒక పేరు సెప్పండి! ఇలా ఎలా ఎల్లమంటారు మమ్మల్ని ఇంటికి?"

"వొద్దు" అంది పల్లాలమ్మ. గొంతు పెంచలేదు. "ఈ బాబు నోటంట ఇంకేం వొద్దు. లెగు రత్నం."

కోటు ఎవరు తీసుకెళతారని గురువుగారు అడిగారు. ఇద్దరూ దాని వైపు చూశారు. తీసుకున్నావిడ మొగుడు పోయినట్టే గదా. ఇద్దరిలో ఎవరూ చెయ్యి చాపలేదు. వచ్చిన దారినే వెళ్లిపోయారు, రోడ్డుకి ఈ అంచున ఒకావిడ, ఆ అంచున ఒకావిడ. సంగతి తేలి ఉంటే ఒకావిడ ఏడిస్తే ఇంకొకావిడ పట్టుకుని నడిపించేది. తేలకపోయేసరికి ఎవరు ఎవర్ని పట్టుకోవాలో వాళ్లకే తెలియలేదు. వంతెన దాటేదాకా గురువుగారు వాళ్లనే చూస్తూ నిలబడ్డారు.

భానుమూర్తి ఆయన కాళ్ల దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గుండీలు సముద్రంలో పారేస్తానన్నాడు, ఈ విద్యే మానేస్తానన్నాడు, ఏ శిక్ష వేసినా పడతానన్నాడు. ఆఖరికి తలెత్తి, "వాళ్లు నన్ను శపిస్తారాండీ?" అని అడిగాడు.

ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం అచ్యుతరామయ్యగారు వెంటనే జవాబు చెప్పారు.

"శపించడానికి వాళ్లకి తీరికేదిరా? ఇవాళ ఇద్దరూ అన్నం వండి, మొగుడి వాటా తీసి మూతపెడతారు. రేపూ పెడతారు. ఒక ఇంట్లో ఇంక ఆపెయ్యమని చెప్పి రావాలి. పద, ఏ ఇంటికి వెళదాం?"