నాలుగు పెట్టెల మోత

సాలూరు బస్టాండు వెనక మైకుసెట్టు అద్దెకిచ్చే గౌరునాయుడు పనిమంతుడే గానీ, దేనిమీదైనా ఇంకొంచెం బరువు వేస్తేనే అతనికి తృప్తిగా ఉండేది. సామానంతా ఒకే రిక్షా మీద ఎక్కించేవాడు. రిక్షా తొక్కే సింహాద్రి "రెండు ట్రిప్పులేద్దాం బావూ" అని మొత్తుకున్నా వినేవాడు కాదు. యాంప్లిఫయరులో ఫ్యూజు పోతే కొత్తది వేసేవాడు కాదు, సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టి బిగించేవాడు. "ఇక చచ్చినా పోదు" అని నవ్వేవాడు. ఆ ఒక్క యాంప్లిఫయరే అతని ఇంటిల్లిపాదికీ తిండి పెట్టేది.

ఒకసారి బాలికల హైస్కూల్లో కోలాటం పోటీలు పెట్టారు. గౌరునాయుడు తన రెండు స్పీకరు పెట్టెలకు మరో రెండు కొత్తవి చేర్చి, నాలుగింటినీ యాంప్లిఫయరుకు తగిలించాడు. మొదటి రెండు పాటలకు మైదానం అదిరిపోయింది. అతను మీసం దువ్వుకున్నాడు. మూడో పాట మధ్యలో ఏదో కమురు వాసన వచ్చింది. ఠప్పున పాట ఆగిపోయింది. కోలలెత్తిన పిల్లలు ఎత్తినట్టే నిలబడిపోయారు.

"పావుగంట చూస్తాం. ఆ తర్వాత వేరే సెట్టు తెప్పించుకుంటాం" అన్నారు పోటీ పెద్దలు.

ఫ్యూజు పోయింది. గౌరునాయుడు దాన్ని తిట్టుకుంటూ జేబులోంచి వెండికాగితం తీశాడు. ఇంతలో ఎవరో గబుక్కున అతని చెయ్యి పట్టుకున్నారు. మోటార్లకు తీగ చుట్టే పైడమ్మ! మనవరాలి కోలాటం చూడ్డానికి వచ్చింది. కిందటి వారం ఈ యాంప్లిఫయరును బాగుచేసింది కూడా ఆమే.

"ఆ కాయితం ఎట్టినావంటే నీ మిషను బూడిదే! నాలుగు పెట్టెలూ పక్కపక్కన కలిపీసినావేటి?"

"అవునప్పా. ఒక్కో పెట్టె కరెంటుకి ఎనిమిది ఓములు అడ్డు. నాలుగూ కలిపితే ముప్పై రెండు. మిషను మీద నాలుక్కి తగ్గకూడదనే కదా రాసుంది?"

"అలాగ కలిపితే ఓములు పెరగవు నాయుడూ, తరుగుతాయి. నాలుగు కుళాయిలు ఒక్కసారే విప్పితే ట్యాంకు నిలుస్తాదా? నీ నాలుగు పెట్టెలూ కలిసి రెండు ఓములే. అడ్డు తగ్గితే కరెంటు ఎక్కువ పారతాది, అంత లాగిస్తే మాడిపోదా?"

"మిషను పోతే నాకింకేటి దిక్కప్పా?" అన్నాడు గౌరునాయుడు.

పైడమ్మ మూత విప్పి వాసన చూసింది. ట్రాన్స్‌ఫార్మరును వేలితో తాకి చూసింది. "వేడెక్కినాది, మాడనేదు. మొన్న నీ వెండికాయితం పారేసి సరైన ఫ్యూజు ఎట్టినాను. అదే పోయి దీన్ని కాపాడింది" అంది.

గౌరునాయుడు అక్కడే నేలమీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు.

"పెట్టెల్లో బొంగురు మోతనీ సన్న మోతనీ విడగొట్టే క్రాసోవర్లైనా ఉంచినావా?"

"ఉంచానప్పా."

"బతికించినావు. లేపోతే బొంగురు మోతంతా చిన్న స్పీకర్ల మీద పడి అవీ పోయేవి."

ఇద్దరూ కలిసి రెండేసి పెట్టెలను ఒకదాని వెనక ఒకటిగా కలిపారు. ఆ రెండు జతలనూ మళ్లీ పక్కపక్కన కలిపారు. ఎనిమిది ఓములు సరిగ్గా వచ్చాయి. పైడమ్మ కొంగుముడి విప్పి కొత్త ఫ్యూజు తీసింది. "నీ సంగతి తెలిసే తెచ్చినాను" అంది. పాట మొదలైంది. మోత కాస్త తగ్గింది గానీ ప్రతి మాటా స్పష్టంగా వినపడింది. పిల్లలు హాయిగా ఆడారు. సాయంత్రం దాకా పాట ఒక్కసారి కూడా ఆగలేదు.

పోటీలయ్యాక సింహాద్రి అలవాటు కొద్దీ నాలుగు పెట్టెలూ రిక్షా మీదకెత్తాడు. గౌరునాయుడు రెండు దించేశాడు.

"రెండు ట్రిప్పులెయ్యి" అన్నాడు.

సింహాద్రి అతని మొహంలోకి వింతగా చూశాడు. "ఒంట్లో బాగుందా బావూ?" అని అడిగాడు.

"ఇప్పుడే బాగుపడింది" అని నవ్వాడు గౌరునాయుడు.

నీతి: మోసేది యంత్రమైనా మనిషైనా, దాని సత్తువ ఎంతో తెలుసుకున్నాకే బరువు పెట్టాలి.